పాదరసం కాలికి వీపు కండ

ఆ మనిషిని కుర్చీలో కుదురుగా కూర్చోబెట్టినవాడికి కడుపునిండా విందు ఇస్తామని లారీల అడ్డాలో డ్రైవర్లు పందెం కాసేవాళ్ళు. ఆ విందు ఇంతవరకు ఎవడి నోటికీ అందలేదు. ఆయన అన్నం నిలబడి తింటాడు. పేపరు నడుస్తూ చదువుతాడు. మాట్లాడేటప్పుడు ఎదుటివాడి చుట్టూ తిరుగుతాడు, అవతలివాడు మెడ తిప్పలేక చస్తాడు. పెళ్ళిలో తీసిన ఫోటోలన్నింట్లోనూ పెళ్ళికూతురు చక్కగా పడిందట, పక్కన మాత్రం ఏదో పొగలాంటిది పడిందట. అందుకే పాదరసం అన్నారు. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి లేకపోలేదు గానీ, దానికి ఎప్పుడూ పని పడలేదు.

బడిలో మాస్టార్లు నానా తిప్పలూ పడ్డారు. చివరికి ఆయన ఊగుడికి బెంచీయే విసిగిపోయి రెండు ముక్కలయింది. ఆ రోజు గుమ్మం దాటినవాడు మళ్ళీ లోపలికి రాలేదు. పెద్దరోడ్డు వారన టైర్ల షెడ్డులో పనికి కుదిరాడు. అక్కడ కూర్చునే పని అంటూ ఒక్కటీ లేదు. మీద రేకులు, మూలన దడదడలాడే కంప్రెసర్, లీకు పట్టడానికి సగానికి కోసిన నీళ్ళ పీపా, గోడ పొడుగునా నల్లటి టైర్ల గుట్టలు. ఆ మసిలో ఆయన చేప నీళ్ళలో తిరిగినట్టు తిరిగాడు. కొన్నేళ్ళకి పాత యజమాని విశ్రాంతి కోరుకుని షెడ్డు ఈయన చేతుల్లో పెట్టేశాడు.

పని మాత్రం మొనగాడి పని. మాటలు అంతకన్నా మొనగాడివి. "సముద్రానికి కన్నం పడితే నాకు కబురు పెట్టండి, అతికేసి వస్తా" అనేవాడు. గాలి ఎంతుందో గేజీ పెట్టి చూడడు, బొటనవేలితో నొక్కి చెప్తాడు. ట్యూబు గీకి, సొల్యూషన్ రాసి, ప్యాచ్ వేసి, సుత్తితో నాలుగు దెబ్బలు వేసి, ఆపైన బలంగా బిగిస్తాడు. "బిగించని అతుకు అతుకు కాదురా, అలంకారం" అని షెడ్డులో తన దగ్గరే పనిచేసే బామ్మర్దికి రోజూ చెప్పేవాడు. కొళాయి కారినా, చీపురు ఊడినా, గొడుగు పుల్ల విరిగినా పాత ట్యూబు రబ్బరు పట్టీ ఒకటి లాగి చుట్టేయడమే. ఇంట్లో మంచం కోడు దగ్గర్నుంచి దువ్వెన దాకా ఆ నల్ల పట్టీ లేని వస్తువు లేదు. "నన్నొక్కదాన్నే ఇంకా చుట్టలేదు" అనేది ఆయన భార్య.

ఆవిడ బస్టాండులో టికెట్ కౌంటర్లో కూర్చుంటుంది. అవును, కూర్చుంటుంది. ఇంట్లో ఇద్దరికీ కలిపి ఆవిడే కూర్చుంటుందని అడ్డాలో జోకు.

పెద్ద లారీ చక్రానికి టైరు జారిపోకుండా రిమ్ము అంచున ఒక ఇనుప రింగు ఉంటుంది. అది గాడిలో సరిగ్గా కుదరకుండా గాలి కొడితే ఫిరంగి గుండులా ఎగురుతుంది. అందుకే చక్రానికి గొలుసు చుట్టి గాలి కొట్టాలి. షెడ్డులో గొలుసు ఉంది, గోడకి వేలాడుతోంది. దాన్ని తీసి చుట్టి బిగించే ఆ కాసేపు ఆగడం పాదరసానికి చేతకాలేదు. డ్రైవరు తొందరపెట్టాడని తర్వాత చెప్పాడు గానీ, ఆ డ్రైవరు అప్పుడు లారీలో గుర్రు పెట్టి నిద్రపోతున్నాడు.

రింగు లేచింది. కుడికాలి మీద, చీలమండకి కాస్త పైన కొట్టి, అక్కడినుంచి పైకెగిరి రేకుకి కన్నం పెట్టి, ఎటో పోయింది. ఇప్పటికీ దొరకలేదు. అది నేరుగా పక్క దేశంలో దిగిందని పాదరసం చెప్తాడు. రింగు సంగతి ఎలా ఉన్నా కాలి సంగతి అబద్ధం కాదు. ఎముక విరిగింది. దాని మీదున్న చర్మం, కండ అరచేయంత మేర లేచిపోయి తెల్లగా ఎముక బయటికి కనబడింది. బామ్మర్ది ఆయన్ని చంకలకింద చేతులేసి ఆటోలోకి లాగుతుంటే, "కంప్రెసర్ ఆపరా, కంప్రెసర్!" అని అరిచాడట. కాలు గురించి ఒక్క ముక్క అనలేదు.

ఆస్పత్రిలో ఎముక లోపలికి కడ్డీ దించారు. పుండు కడిగారు, మళ్ళీ కడిగారు. ఆ తర్వాత డాక్టరమ్మ వచ్చి మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. పొట్టి మనిషి, జుట్టు నెరిసింది, గొంతు పెంచదు.

"ఎముక నిలబెట్టాం. దాని మీద కప్పు లేదు. కప్పు లేని ఎముక ఎండిపోతుంది, చీము పడుతుంది. అప్పుడు మోకాలి కింద తీసేయడం తప్ప దారుండదు" అంది.

"తొడ మీద చర్మం తీసి అతికించండి డాక్టరమ్మా. మా షెడ్డులో అయితే ఈపాటికి..."

"వట్టి ఎముక మీద చర్మం నిలవదు. నెత్తురు పారే కండ కావాలి. దెబ్బ మోకాలి దగ్గర తగిలుంటే మీ పిక్క కండనే ముందుకి తిప్పి కప్పేవాళ్ళం. ఇంత కిందకి అది అందదు. అందుకని మీ వీపు మీది వెడల్పాటి కండ ఒకటి, దాని రక్తనాళాలతో సహా తీసి, ఇక్కడ పరిచి, ఆ నాళాల్ని కాలి నాళాలకి కుట్టేస్తాం. ఆ పైన పల్చగా చర్మం వేస్తాం."

పాదరసం ముఖం చిన్నబోయింది. "వీపు కండ తీసేస్తే మరి టైరు ఊడదీసే ఇనుప లివరు దేంతో లాగాలి? నా బతుకంతా లాగుడే కదమ్మా."

"మిగతా కండలు ఆ పని పంచుకుంటాయి. లాగే బలం కొంచెం తగ్గుతుంది. అబద్ధం చెప్పను."

కాలా, కొంచెం బలమా? పాదరసం పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నోరు మూసుకుని ఆలోచించాడు. ఆ నిశ్శబ్దానికి భయపడి వార్డులో ఒకరిద్దరు లేచి చూశారంటారు.

బామ్మర్ది ఊరుకోలేకపోయాడు. "బావా, రేపట్నుంచి నీకు వీపు దురద పెడితే కాలు గోకాలా ఏంటి?"

"నీ నోట్లో ప్యాచ్ వెయ్యా! చెయ్యండి డాక్టరమ్మా. కాలుంటే లివరు ఎలాగోలా లాగుతా."

పొద్దున లోపలికి తీసుకెళ్ళినవాణ్ణి చీకటి పడే వేళకి బయటికి తెచ్చారు. వెంట్రుక కన్నా సన్నటి దారంతో, పెద్ద భూతద్దాల యంత్రం కింద చూస్తూ కుట్టారని సిస్టరు చెప్పింది. పాదరసం దాన్నే తర్వాత పెంచి, దారం అసలు కంటికే కనబడదని, డాక్టరమ్మ కేవలం నమ్మకం మీద కుట్టిందని ప్రచారం చేశాడు.

అసలు శిక్ష అప్పుడు మొదలైంది.

కాలు దిండ్ల మీద ఎత్తి ఉండాలి. దించకూడదు, కదపకూడదు. గది వెచ్చగా ఉండాలి, ఫ్యాను వద్దు. సిగరెట్టు ముట్టకూడదు, చివరికి టీ కూడా లేదు. సన్నటి నాళాలు ముడుచుకుంటే కండకి నెత్తురు అందదట. కట్టు మధ్యలో చిన్న కిటికీలాగా వదిలారు. దానిలోంచి ఎర్రగా, తడిగా, తన వీపు తనకే కనబడేది. సిస్టరు గంటకోసారి వచ్చి అక్కడ పెన్నులాంటి పరికరం ఆనించేది. హుష్షు, హుష్షు అని నెత్తురు పారే చప్పుడు వినబడేది.

"మా కంప్రెసర్ చప్పుడే" అనేవాడు పాదరసం.

"మీ కంప్రెసర్ ఆగితే బాగుచేయొచ్చు నాయనా. ఇది ఆగితే నేను పరిగెత్తాలి" అనేది సిస్టరు. పెద్ద వయసు మనిషి, వార్డులో అందర్నీ నాయనా అనే పిలుస్తుంది.

కాలు కదపొద్దన్నారు కాబట్టి మిగతావన్నీ కదిపాడు. వేళ్ళు విరుచుకున్నాడు. కనుబొమ్మలు ఎగరేశాడు. దిండు గలీబు అంచు నూలు నూలుగా పీకి పోగులు పెట్టాడు. తిరగని ఫ్యానుని తిట్టాడు. కిటికీ రెక్క కీలు వదులుగా ఉందని, దానికొక పట్టీ వేస్తే చాలని, అటు వెళ్ళే ప్రతివాడికీ చెప్పాడు. నేల తుడిచే ఆవిడకి గుడ్డ పిండడం నేర్పబోయి చీవాట్లు తిన్నాడు.

"కళ్ళయినా కాసేపు మూసుకోవయ్యా" అంది భార్య.

"మూస్తే లోపల గుడ్లు తిరుగుతున్నాయే!"

రెండో రోజో మూడో రోజో, కట్టు కింది అంచున ఎర్రటి నీరు ఊరడం చూశాడు. సిస్టరుని పిలిచాడు.

"కొంచెం ఊరుతుంది నాయనా, మామూలే." ఆవిడ దూది మార్చి వెళ్ళిపోయింది.

మామూలా? జీవితమంతా లీకులు పట్టినవాడికి లీకు మామూలని చెప్పడమా! కట్టు కిందికి వేలు పోనిచ్చి చూశాడు. రెండు వేళ్ళు సులువుగా దూరాయి. ఎంత వదులో! ఇంత చదువుకుని, ఇంత పెద్ద యంత్రం కింద కుట్టి, చివర్లో బిగించడం మర్చిపోయారు. కండ అతకదు. ఊడొస్తుంది. ఎముక ఎండిపోతుంది. మోకాలి కింద తీసేస్తారు. ఈ ఆలోచన చెవిలో దూరిన చీమలా తిరుగుతూనే ఉంది. అటు తిరిగితే లీకు, ఇటు తిరిగితే లీకు. అన్నం ముద్ద దిగలేదు.

ఆ మర్నాడు పొద్దున బామ్మర్ది వచ్చాడు.

"ఒరేయ్, ఒక ట్యూబు పట్టీ తెచ్చిపెట్టు. పొడుగ్గా ఉండాలి, మెత్తటిది చూసి తే."

"ఇక్కడెందుకు బావా?"

"దుప్పటి జారిపోతోంది, మంచానికి కడతా. ప్రతిదానికీ యక్షప్రశ్నలేంట్రా నీకు?"

బామ్మర్ది వెళ్ళి తెచ్చాడు. బావకి చేతిలో ఏదో ఒకటి ఉంటే కాస్త కుదుటపడతాడని అనుకున్నాడు పాపం. ఇచ్చేసి షెడ్డు తెరవడానికి వెళ్ళిపోయాడు. భార్య డ్యూటీకి వెళ్ళింది. మధ్యాహ్నం భోజనాల బండి వచ్చి వెళ్ళింది. సిస్టరు వచ్చి, చప్పుడు విని, తల ఊపి అవతలికి నడిచింది. పాదరసం దుప్పటి కింద చేతులు పోనిచ్చాడు.

పై వైపు కొన్ని చుట్లు, కింది వైపు కొన్ని చుట్లు. ఒక చుట్టు మీద సగానికి ఇంకో చుట్టు, లాగి, బిగించి, చివర లోపలికి దోపి. కిటికీని మాత్రం వదిలేశాడు, సిస్టరు చూసేది అక్కడే కదా. తన తెలివికి తనే మురిసిపోయాడు. బొటనవేలితో నొక్కి చూశాడు. గట్టిగా ఉంది. ఎన్నాళ్ళ తర్వాత చేతులు పని చేశాయో! ఆ హాయికి కళ్ళు మూతలు పడ్డాయి. ఆస్పత్రికి వచ్చాక అంత నిద్ర పట్టడం అదే మొదలు.

సరిగ్గా అప్పుడే బస్సు బోల్తా పడి చాలామందిని ఒకేసారి తెచ్చారు. వార్డంతా ఉరుకులు పరుగులు. సిస్టరు రావాల్సిన వేళకి రాలేదు. ఆ తర్వాతి వేళలకీ రాలేదు. వచ్చేసరికి కిటికీ అవతల పొద్దు వాలుతోంది.

టార్చి వేసి చూసి, వంగి మళ్ళీ చూసింది. మధ్యాహ్నం దాకా ఎర్రగా ఉన్న కండ నేరేడుపండు రంగుకి తిరిగింది. ఉబ్బి కట్టు కిటికీలోంచి బయటికి తోసుకొస్తోంది. పరికరం ఆనించింది. చప్పుడు ఉంది, కానీ గొంతు పట్టేసినవాడి మాటలా ఉంది. దుప్పటి లాగేసింది. కాలికి నల్లటి రబ్బరు, సైకిల్ హ్యాండిలుకి చుట్టినట్టు.

"ఓరి నాయనో!"

ఆ కేకకి పాదరసం లేచాడు. సిస్టరు అప్పటికే కత్తెర తెచ్చి పట్టీ కోసేస్తోంది. డాక్టరమ్మ వచ్చింది. ఆవిడ పరిగెత్తడం వార్డులో ఎవరూ ఎప్పుడూ చూడలేదు. కండ మీద వేలు పెట్టింది, సూదితో చిన్నగా గుచ్చింది. నల్లటి నెత్తురు చుక్క గబుక్కున ఉబికింది.

"లోపలికి నెత్తురు వెళ్తోంది, తిరిగి రావడానికి దారి లేదు. దారి మూసింది మీరే" అంది. "ఎంతసేపైంది ఇది కట్టి?"

"ఇప్పుడే డాక్టరమ్మా. ఇందాక, అలా..."

"ఇప్పుడే అయితే వదులు చేశాం, కాసేపు చూస్తాను. చాలాసేపైతే నాళంలో నెత్తురు గడ్డ కట్టి ఉంటుంది, చూస్తూ కూర్చుంటే కండ చచ్చిపోతుంది. తెరవాలి. మిమ్మల్ని మళ్ళీ కోయడం ఊరికే చేసే పని కాదు. అందుకే అడుగుతున్నా. ఎంతసేపైంది?"

"చెప్పాగా అమ్మా, అయిదు నిమిషాలు..."

డ్యూటీ దిగి అప్పుడే వచ్చిన భార్య తలుపు దగ్గర నిలబడి ఉంది. నేల మీద పడ్డ రబ్బరు ముక్కల్ని చూసింది, మొగుడి మొహం చూసింది. ఆవిడకి ఇంకెవరూ ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది.

"ఏమయ్యా, మీసాలొచ్చిన కొడుకుని పక్కన పెట్టుకుని 'అర టికెట్టు చాలమ్మా, పసివాడు' అంటారే, వాళ్ళ మొహం అచ్చం ఇలాగే ఉంటుంది. కౌంటర్లో రోజూ చూస్తా. నీ కాలయ్యా అది! దానికి కూడా తగ్గించి చెప్తావా?"

పాదరసం నోరు తెరిచాడు. ఇన్నేళ్ళూ పిల్లిని పులి చేసి, కప్పని కొండ చేసి, పెంచడమో తగ్గించడమో తప్ప ఉన్నది ఉన్నట్టు చెప్పి ఎరగని నోరు. చెప్తే సిస్టరు ముందు, భార్య ముందు, వార్డంతటి ముందు తన పనితనమే తన కాలు తీసిందని ఒప్పుకోవాలి. చెప్పకపోతే... కిటికీలోని ఆ నలుపు ఆయన వైపే చూస్తున్నట్టుంది.

"మధ్యాహ్నం. భోజనాల బండి వెళ్ళింది, సిస్టరు చూసి వెళ్ళింది. ఆ వెంటనే కట్టా" అన్నాడు. "బాగా బిగించా డాక్టరమ్మా. నేను బిగిస్తే మామూలుగా ఉండదు."

ఆఖరి ముక్క గొప్పకి అన్నది కాదు. ఎంత గట్టిగా బిగించాడో ఆవిడకి తెలియాలని చెప్పాడు.

డాక్టరమ్మ తిట్టలేదు. "థియేటర్ సిద్ధం చెయ్యమనండి" అంది సిస్టరుతో. అంతే, మంచం చక్రాల మీద కదిలింది.

"డాక్టరమ్మా, కాలు?"

"తెరిచి చూస్తే గానీ తెలీదు."

నడవా పొడుగునా దీపాలు ఒకదాని వెనక ఒకటి ఆయన ముఖం మీదుగా పోయాయి. పక్కన నడుస్తున్న భార్య చెయ్యి దొరికింది గానీ, తలుపు దగ్గర అదీ వదిలేయమన్నారు.

బయట, కబురందుకుని వచ్చిన బామ్మర్ది గోడకి తల కొట్టుకున్నంత పని చేశాడు. "నేనే తెచ్చానక్కా. నా చేతుల్తో నేనే మెత్తటిది ఏరి మరీ తెచ్చా."

"ఆయన అడిగితే నువ్వు కాదనవని ఆయనకి తెలుసు. అడగడం ఆయన తప్పు, ఎందుకో తేల్చుకోకపోవడం నీ తప్పు. కూర్చో" అంది ఆవిడ. తను మాత్రం కూర్చోలేదు. ఆ నడవాలో అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. ఆవిడ అలా తిరగడం తమ్ముడు ఎన్నడూ చూడలేదు.

డాక్టరమ్మ బయటికి వచ్చి టోపీ తీసింది. "గడ్డ ఉంది. తీసేసి ఆ నాళాన్ని మళ్ళీ కుట్టాం. అంచున ఒక పట్టీ అంత కండ పోయింది, కోసేశాం. మిగతాది మళ్ళీ ఎర్రరంగుకి వచ్చింది. టైము సరిగ్గా చెప్పారు కాబట్టి వెంటనే తెరిచాం. నిలుస్తుందో లేదో ఈ రెండు మూడు రోజులు చూడాలి. మళ్ళీ ఇలాంటిది జరిగితే కుట్టడానికి అక్కడ నాళం మిగల్లేదు. ఆయనకి చెప్పండి."

చెప్పారు. పాదరసం విన్నాడు. విని, రెండు చేతులూ ముందుకి చాపి, "ఇవి కట్టేయండి" అన్నాడు సిస్టరుతో.

"చాల్లే నాయనా, ఈ వార్డులో ఇంక కట్టడాలు లేవు."

ఆ రోజులు ఎలా గడిచాయో ఆయన్నే అడగాలి. అడిగితే, ఏళ్ళు గడిచాయని, గడ్డం మోకాళ్ళ దాకా పెరిగిందని, చూడ్డానికి వచ్చిన బామ్మర్దికి మనవలు పుట్టి ఉన్నారని చెప్తాడు. భార్య సెలవు పెట్టింది. మంచం పక్కనే కూర్చుని ఆయన వేళ్ళు తన వేళ్ళలో ఇరికించుకుంది. ఆ వేళ్ళు లోపల పట్టుబడ్డ పక్షుల్లా కొట్టుకునేవి. సిస్టరు వచ్చే వేళకి ఇద్దరూ ఊపిరి బిగబట్టేవాళ్ళు. హుష్షు వినబడగానే వదిలేవాళ్ళు. మళ్ళీ వచ్చేదాకా మళ్ళీ అదే. కట్టు అంచున నీరు ఊరేది. పాదరసం పళ్ళు నూరుకుంటూ తల అటు తిప్పుకునేవాడు.

"ఊరుతోందే" అనేవాడు.

"ఊరనీ."

"వదులుగా ఉందే."

"ఉండనీ."

కండ నిలిచింది. దాని మీద తొడ నుంచి తీసిన పల్చటి చర్మం పరిచారు. అదీ పట్టింది. అందరికీ పండగలా ఉంది గానీ, డాక్టరమ్మ ఇంకా నవ్వలేదు. కాలు ఇన్నాళ్ళూ ఎత్తులో ఉంది. కిందికి దించితే నెత్తురంతా కాలిలోకి దిగుతుంది. తిరిగి పైకి పంపడం ఈ కొత్త నాళాలకి వచ్చా, రాదా? అది తేలితే గానీ నడక మాట లేదు. "దించి చూద్దాం" అంది ఒక పొద్దున.

పాదరసాన్ని మంచం అంచుకి జరిపారు. సిస్టరు కాలికి సాగే గుడ్డ చుట్టింది. ఆయన చూపు ఆ చుట్ల మీదే ఉంది, నాలుక చివర మాట ఉంది, మింగేశాడు. కాలు మెల్లగా మంచం మీంచి కిందికి వేలాడింది. తన కాలు తనకి పరాయివాడి సామాను మోసినట్టు బరువుగా తోచింది. వేళ్ళు మొదట ఎర్రబడ్డాయి. ఆ తర్వాత మెల్లమెల్లగా ముదిరాయి. సిస్టరు గుడ్డని కాస్త జరిపి చూపించింది. కండ కూడా ముదిరింది. ఊదారంగు.

"డాక్టరమ్మా! అదిగో! అదే రంగు! ఎత్తండి!" రెండు చేతులూ కాలి మీదికి పోబోయాయి. భార్య పట్టేసుకుంది.

"ఆగండి" అంది డాక్టరమ్మ.

"చచ్చిపోతోందమ్మా..."

"ఆగండి. దించితే రంగు మారుతుంది. ఎత్తాక ఏమవుతుందో చూడాలి."

ఆగడం. ఈ భూమ్మీద ఆయనకి రాని పని అదొక్కటే. మెడ నరాలు తేలాయి, చెమట పట్టింది, ఎడమ కాలు దానంతట అదే ఊగింది. కుడికాలు మాత్రం ఉలకలేదు, పలకలేదు, వేలాడింది.

"ఇప్పుడు ఎత్తండి."

దిండ్ల మీదికి ఎత్తారు. నలుగురూ వంగి చూశారు. ఊదా అలాగే ఉంది. డాక్టరమ్మ గడియారం చూసింది. అలాగే ఉంది. ఒక అంచున పల్చబడింది. ఆ పల్చదనం లోపలికి పాకింది, తడి నేల ఎండలో ఆరినట్టు. చూస్తుండగా కండంతా గులాబీ రంగుకి వచ్చేసింది.

డాక్టరమ్మ అప్పుడు నవ్వింది. "కాలు మీదే. మోకాలి కింద తీసే మాట ఇంక లేదు."

భార్య మొహం అటు తిప్పుకుని ముక్కు తుడుచుకుంది. పాదరసం మాత్రం కాలి వంకే రెప్ప వెయ్యకుండా చూస్తున్నాడు.

"డాక్టరమ్మా, ఇంకోసారి దించుదామా?"

"రేపు. రేపు ఇంకొంచెం సేపు. ఎల్లుండి మరి కాస్త. అలా అలా నిలబడతారు."

"ఇప్పుడే ఇంకొక్కసారి. చిటికెలో..."

"రేపు" అని ఆవిడ పక్క మంచానికి వెళ్ళిపోయింది.

పాదరసం దిండు మీద తల వాల్చాడు, ఎత్తాడు, మళ్ళీ వాల్చాడు. గోడ గడియారం వంక చూశాడు. ఇంకా కాఫీల వేళయినా కాలేదు.

"ఏమే, రేపు పొద్దున్నకి ఇంకా ఎంతుంది?"

"ఉన్నంత ఉంది" అంది భార్య, ఆయన చేతులు మళ్ళీ తన చేతుల్లోకి తీసుకుంటూ. "పడుకో."